ఉరుకుందమ్మ పాదం కొలత

1983 డిసెంబరు. ఆదోనికి పత్తి ముమ్మరంగా దిగే రోజులు. మార్కెట్ యార్డు నుంచి జిన్నింగు మిల్లులకు లారీలు, ఎడ్లబండ్లు వరసగా పోతుంటాయి. గాలిలో నూగు తేలుతూ ఉంటుంది. స్టేషను రోడ్డులో ఉన్న మా చెప్పుల అంగట్లో ఆ నెలల్లో మొదటి పని నూగు దులపడమే. నల్లబూటును పొద్దున బయటపెడితే సాయంత్రానికి దానికి తెల్లబొచ్చు మొలిచినట్టు కనిపిస్తుంది.

నాకప్పటికి పెళ్లయి రెండేళ్లు. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. నాన్న అక్కడ స్కూలు అయ్యవారు. కర్నూలులో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివిన నేను చెప్పుల అంగట్లో కూర్చోవడమేమిటని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. నన్నెవరూ కూర్చోబెట్టలేదు. అంగడికి వచ్చే ఆడవాళ్లు మగవాళ్ల చేతికి పాదం ఇవ్వడానికి సిగ్గుపడి, కంటి కొలతతో ఏదో ఒక జత తీసుకుపోయి, కరుస్తున్నాయని మళ్లీ తెచ్చేవాళ్లు. అది చూసి ఆడవాళ్ల పాదాలు నేను కొలుస్తానని మా ఆయనతో చెప్పాను. ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నదంతా నాకు నేర్పాడు. ఇంట్లో చూసే పెద్దవాళ్లు ఎవరూ లేరు కనుక ఎనిమిది నెలల పాప కూడా అంగడి వెనక భాగంలో, తెర చాటున, ఉయ్యాలలో ఉండేది.

మా పనిలో పాదానికి పొడవు ఒక్కటే కొలత కాదు. వేళ్ల మొదళ్ల దగ్గర పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉండే చోటును బాల్ అంటారు. దాని వెనక, పాదం పైభాగం ఎత్తుగా లేచే చోటు ఇన్‌స్టెప్. బూటు కుట్టేటప్పుడు లోపల పెట్టే కొయ్య పాదాన్ని లాస్ట్ అంటారు. ఆ కొయ్య పాదం ఎలా ఉంటే బూటు అలా వస్తుంది. కంపెనీలు ఏ ఊరి మనుషులను చూసి లాస్ట్‌లు చెక్కుతాయో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా నల్లరేగడి చేలల్లో తిరిగిన మా వైపు ఆడవాళ్లను చూసి మాత్రం చెక్కవు.

ఒక సాయంత్రం ఉరుకుందమ్మ వచ్చింది. ఆదోని కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఊరు కోసిగి దగ్గరి పల్లె. లేసులు ముడేసిన ఒక జత పెద్ద బూట్లను భుజానికి అటొకటి ఇటొకటి వేలాడేసుకుని, తను మాత్రం హవాయి చెప్పులతో నడిచి వచ్చింది. ఆ చెప్పుల అంచులు దాటి పాదం రెండు వైపులా బయటికి వచ్చి ఉంది. ఇంత వెడల్పు పాదం మా అంగట్లోకి ఇంతవరకు రాలేదని కొలవకముందే అనుకున్నాను.

"అక్కా, ఈ బూట్లు వెడల్పు జేయాల. ఎమ్మిగనూరులో తిరిగినాను, ఈడ గూడ బజారంతా తిరిగినాను. అందరూ పెద్ద సైజు తీసుకో అంటాండ్రు. ఒకాయనైతే, నీ కాళ్లకు బూట్లు గాదు, తుంగభద్రలో తిప్పే పుట్టి కావాలన్నాడు."

ఆ బుట్టపడవ మాట ఆమే నవ్వుతూ చెప్పింది. మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. బూట్లు బల్లమీద పెట్టి ఎక్కడివని అడిగాడు. ఆమె చెప్పిన సంగతి ఇది. కాలేజీలో యూనిఫాం వేసుకుని కవాతు చేసే క్యాడెట్ల దళంలో ఆమె ఉంది. హిమాలయాల్లో మంచు మీద స్కీ శిక్షణకు మా జిల్లా నుంచి ఒక్క ఆడపిల్లను పంపుతున్నారు. ఆ ఒక్కతే ఉరుకుందమ్మ. స్కీలంటే పొడుగాటి సన్నని చెక్కలు, వాటికి బూట్లు బిగించుకుని మంచు వాలు మీద జారుతారు. అక్కడ ఆడపిల్లల సైజులు తక్కువని, బూట్లు సరిచేసుకుని రమ్మని దళం స్టోరు నుంచే ఒక పాత జత ఇచ్చారు. వచ్చే సోమవారం కర్నూలులో ఆఫీసరు ముందు ఈ బూట్లు వేసుకుని మెట్లెక్కి దిగి చూపించాలి. కుంటితే ఆమె బదులు ఇంకో పిల్లను పంపుతారు. ఆ పిల్ల కర్నూలు పిల్ల, సన్నకాళ్ల పిల్ల.

ఆమె చెప్తున్నంతసేపూ నా చేతిలో నూగు దులిపే బ్రష్షు అలాగే ఉండిపోయింది.

నేనూ కాలేజీలో క్యాడెట్‌నే. ఉత్తరాదిలో కొండలెక్కే శిబిరానికి నా పేరు కూడా ఒకసారి వచ్చింది. అదే వారం నన్ను చూసుకోవడానికి ఎవరో వస్తున్నారని నాన్న కర్నూలు వచ్చి తీసుకుపోయాడు. వచ్చిన ఆడవాళ్లు నా పాదాలు చూసి, ఎంత సన్నగా ముద్దుగా ఉన్నాయో అని మెచ్చుకున్నారు. సంబంధం కుదరలేదు. శిబిరానికి నా బదులు ఇంకెవరో పోయారు. ఇది పెద్ద కష్టమేమీ కాదు, నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు నా హాస్టల్లోనే ఉన్నారు. అయినా ఆ సాయంత్రం, కోసిగి పల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల హిమాలయాల పేరు సంతకు పోతున్నంత సులువుగా చెప్తుంటే నాకు కడుపులో మండింది. ఆమె మీద కోపం కాదు. ఆమెకు జరుగుతున్నది నాకెందుకు జరగలేదన్న మంట. దానికి అసూయ తప్ప ఇంకో పేరు లేదు.

బూట్లు చూశాం. దళసరి తోలు, చదరంగా కోసినట్టున్న ముందుభాగం, ఇటుకంత మందం సోలు, మడమ వెనక స్కీకి బిగించే తీగ పట్టుకోవడానికి ఒక గాడి. లోపల ఒత్తిన ఉన్నితో ఫెల్ట్ పొర. మామూలు బూటుకు లేని చిక్కు దీనికి ఒకటుంది. బూటు పైతోలునూ సోలునూ కలిపి కుట్టే తోలుపట్టీని వెల్ట్ అంటారు. ఈ బూటు వెల్ట్ ముందుభాగం స్కీ మీద ఉండే ఇనుప పట్టీలో సరిగ్గా ఇరకాలి. కనుక సోలు వెడల్పు చేయడానికి లేదు. వెడల్పంతా దానికి పైన, తోలులోనే రావాలి.

మిగతా అంగళ్లవాళ్లు చెప్పిన పెద్ద సైజు ఉపాయం ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. వెడల్పు చాలదని పొడవు పెంచితే వేళ్ల దగ్గర సుఖంగానే ఉంటుంది, మడమ మాత్రం లోపల లేస్తూ పడుతూ ఉంటుంది. మా ఊరి రోడ్డు మీద దానికి బొబ్బ లేస్తుంది. మంచు వాలు మీద మడమ లేస్తే స్కీ మాట వినదట. స్టోరులో రెండు సైజులు పెద్దదైన జత ఉంటే ఆమె అది కూడా వేసి చూసింది. పత్తి కూరుకుంటే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఆదోనిలో పత్తికి కరువా.

వచ్చిన బూటు లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి నేను ముందు నా కాలు పెట్టి చూస్తాను. అది మా పద్ధతి. ఎక్కడ కుట్టు లేచింది, ఎక్కడ గట్టిగా ఉంది అన్నది చేతికన్నా కాలికి బాగా తెలుస్తుంది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని కుడిబూటు తొడుక్కున్నాను. లేసులు బిగించాను. ఎడమది కూడా తొడుక్కున్నాను. ఎక్కడా ఒత్తలేదు, ఎక్కడా వదులు లేదు. మడమ కూర్చోవలసిన చోట కూర్చుంది. ఎన్నో జతలు వేసి చూసిన నా కాళ్లకు అంత సరిగ్గా సరిపోయిన బూటు అంతకుముందు దొరకలేదు.

"నీకోసమే కుట్టినట్టుండాయి గదక్కా," అంది ఉరుకుందమ్మ.

"అయితే ఇంకేం, ఈమెనే పంపిద్దాం," అన్నాడు మా ఆయన.

ఇద్దరూ నవ్వారు. నేను వంగి లేసులు విప్పుకున్నాను. విప్పడానికి అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే పట్టింది.

తర్వాత ఆమె పాదం కొలిచాను. పాదం పొద్దున ఒక తీరుగా ఉంటుంది, రోజంతా తిరిగాక సాయంత్రం ఉబ్బి ఇంకో తీరుగా ఉంటుంది. ఆమె సాయంత్రమే రావడం మంచిదయింది. కాగితం పరిచి, దానిమీద పాదం పెట్టించి, పెన్సిలు నిలువుగా పట్టి చుట్టూ గీత గీశాను. బాల్ చుట్టూ టేపు వేశాను. నా చేయి తగిలినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి పాదం లాక్కునేది. గిలిగింతలేమో అనుకున్నాను. కొత్తగా వచ్చే ఆడవాళ్లలో సగం మంది అలాగే చేస్తారు.

పని మొదలుపెట్టాం. స్ట్రెచర్ అని ఒక సాధనం ఉంటుంది. రెండు ముక్కలుగా కోసిన కొయ్య పాదం, మధ్యలో మర. తోలును లోపలి నుంచి తడిపి, స్ట్రెచర్ పెట్టి, మర తిప్పితే రెండు ముక్కలూ విడిపోతూ తోలును లాగుతాయి. ఒక్కసారిగా తిప్పితే కుట్లు తెగుతాయి. కొంచెం తిప్పి, ఆగి, తోలు అలవాటు పడ్డాక మళ్లీ తిప్పాలి. నేను కొలతలు చదివితే మా ఆయన మర తిప్పాడు. తిప్పుతూ స్కీల గురించే మాట్లాడాడు. చెక్కల మీద నిలబడి మనిషి పడిపోకుండా ఎలా జారుతుందో, ఆ పిల్లకు ఎంత ధైర్యముండాలో. నేను కూడా ఒకప్పుడు కొండల శిబిరానికి ఎంపికయ్యానని పెళ్లయిన కొత్తలో ఆయనతో చెప్పాను. ఆయన ఊఁ కొట్టాడు. ఆ ఊఁ నాకు ఆ రోజు గుర్తొచ్చింది.

ఇక్కడ రాయడం ఆపి లోపలికి వెళ్లి పాప ఒళ్లు ముట్టుకుని చూసి వచ్చాను. పాపకిప్పుడు మూడేళ్లు నిండబోతున్నాయి. సాయంత్రం నుంచి దగ్గుతోంది. జ్వరం లేదు. లేదని తెలిసినా మళ్లీ ఇంకోసారి వెళ్తాను.

ఉరుకుందమ్మ రెండోసారి వచ్చి బూట్లు తొడుక్కుంది. లేసులు బిగించుకుని అంగట్లో అటూ ఇటూ నడిచింది. "బాగుండాయక్కా," అంది. ముఖం మాత్రం బాగాలేదు. కింది పెదవి పంటికింద పట్టి ఉంది. విప్పిస్తే చిటికెనవేలి పక్క, బొటనవేలి ఎముక పక్క, రెండుచోట్లా చర్మం ఎర్రగా కంది ఉంది.

మా ఆయన నన్నే చూశాడు. కొలత నాది. గీసిన కాగితం తీసి, మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ కొలిచాను. ఏమీ తేడా లేదు. బూటు లోపలి వెడల్పు చూస్తే నేను చెప్పినంతకు సరిగ్గా వచ్చింది. కొలత సరిగ్గా ఉంది, బూటు సరిగ్గా ఉంది, పాదం మాత్రం కందిపోయింది. ఈ పిల్ల పోవడం నాకు ఇష్టం లేక నా చేతులే ఏమైనా చేశాయా అని ఒక్క క్షణం నా మీద నాకే అనుమానం వచ్చింది. మూడోసారి టేపు వేశాను. అదే అంకె.

ఇంకా లాగితే తోలు చిట్లుతుందని మా ఆయన చెప్పాడు. ఉరుకుందమ్మ తల దించుకుని బూట్ల వంకే చూస్తూ కూర్చుంది. ఎలాగోలా ఓర్చుకుని మెట్లెక్కుతానని, ఆఫీసరుకు తెలియకుండా చూసుకుంటానని అంది. మంచులో అన్ని రోజులు ఎలా ఓర్చుకుంటావని అడిగాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"ఈ సోమవారం దాటితే మా నాయన వస్తాడక్కా. ఇంటోళ్లంతా సుగ్గికి పోతాండారు. మంచుకు పోతాండానని చెప్పినందుకే నన్ను ఈడ వదిలినాడు. పోలేదంటే నన్నుగూడ తోలుకపోతాడు. మళ్లొచ్చే తలికి పరీక్షలు అయిపోయింటాయి."

వానలు లేని మా పడమటి పల్లెల నుంచి కుటుంబాలు మూటలు కట్టుకుని దూరపు ఊళ్లకు కూలికి పోవడాన్ని సుగ్గి అంటారు. ఒకసారి సుగ్గికి పోయి చదువు ఆగిన ఆడపిల్లలు మళ్లీ కాలేజీ గేటు దాటడం నేను చూడలేదు. అంటే ఈ బూట్లు సరిపోకపోతే ఆగేది ఒక్క ప్రయాణం కాదు. అది విన్నాక నా అసూయ తగ్గిపోయిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. తగ్గలేదు. దాని పక్కన ఇంకో బాధ వచ్చి కూర్చుంది, అంతే.

ఆమె లేచి, గుమ్మం దగ్గర వదిలిన తన చెప్పుల కోసం నడిచింది. బూటులోకి పాదం సులువుగా జారడానికి మేం లోపల తెల్లని మెత్తటి పొడి చల్లుతాం. అది ఆమె పాదాలకంతా అంటి ఉంది. మా అంగట్లో పరిచింది నల్లటి నాపరాళ్లు. ఆమె నడిచిన దారిలో రాళ్లమీద తెల్లటి అడుగులు పడ్డాయి.

నా చేతిలో గీత గీసిన కాగితం ఉంది. ఎందుకో వంగి ఆ కాగితాన్ని ఒక అడుగు పక్కన పెట్టాను. నేలను తాకే భాగం ముద్రగా పడుతుంది, పెన్సిలు గీత దానికి కొంచెం బయటగా తిరుగుతుంది. కనుక ముద్ర ఎప్పుడూ గీతకన్నా చిన్నదిగా ఉండాలి. ఇక్కడ ముద్రే పెద్దదిగా ఉంది. రెండు వైపులా గీత దాటి బయటికి పరుచుకుని ఉంది.

ఒక మనిషికి రెండు పాదాలు, నడిచేటప్పుడు ఒకటి, నేను కొలిచేటప్పుడు ఒకటి. నాకప్పుడు వెలిగింది. ఆమెది గిలిగింత కాదు.

వెనక్కి పిలిచి ఈసారి నిలబెట్టాను. నిలబడినప్పుడు పాదం నేలమీద బాగానే పరుచుకుంది. నేను ఆమె ముందు మోకాళ్లమీద కూర్చుని చేయి చాచగానే వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. బరువంతా రెండో కాలిమీదికి పోయింది. నేను కొలిచే పాదం నేలను తాకీ తాకనట్టు నిలిచింది.

"కాలు ఆనించు."

"ఆనిస్తాండానక్కా."

"ఆనించడం లేదు. ఎందుకట్ల ముడుచుకుంటావు?"

"నువ్వు పెద్దదానివి, బిడ్డతల్లివి. నా కాళ్ల కాడ కూర్చోని నా కాలు పట్టుకుంటే నేను యాడికి పోవాలక్కా. నాకు మంచిది గాదు."

ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. ఎవరి కాలైనా పొరపాటున పెద్దవాళ్లకు తగిలితే వెంటనే వాళ్లను తాకి ఆ చేయి కళ్లకద్దుకునే ఊళ్లో పుట్టినదాన్ని. నా చెల్లెళ్లయినా నా చేతికి పాదం ఇవ్వరు. అయినా అంగట్లో కూర్చున్నాక టేపు, కాగితం, అంకెలు తప్ప ఆ మర్యాద నాకు గుర్తు రాలేదు. మర్యాద కోసం ముడుచుకున్న పాదాన్నే మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ ఒకటే అంకె వచ్చిందని నమ్మాను. నేను అడిగినందుకు ఆమె ప్రయత్నించింది కూడా. కళ్లు మూసుకుంది, బల్ల పట్టుకుంది. చేయి తగలగానే పాదం దానంతటదే మడుచుకుపోయేది. మనసు ఒప్పుకున్నా కాలు ఒప్పుకోలేదు.

మా ఆయన కొలిస్తే అంతకన్నా కష్టం. ఏం చేయాలో తోచక నేను నేలమీదే కూర్చుని ఉండగా వెనక ఉయ్యాలలో పాప లేచి ఏడుపు అందుకుంది.

మా పాప ఎవరి దగ్గరికీ పోయేది కాదు. నేను ఎవరికీ ఇచ్చేదాన్నీ కాదు. అంగడికి నానారకాల మనుషులు వస్తారు, దగ్గులు, జలుబులు, దిష్టి చూపులు. ఎవరైనా ఎత్తుకోబోతే ఇప్పుడే పాలు తాగింది, కక్కుతుందని చెప్పి తప్పించేదాన్ని. సొంత మేనత్త చేతికి ఇచ్చినా కళ్లు పాపమీదే ఉండేవి. పాపను ఎత్తుకుని తెర దాటి బయటికి వచ్చాను. ఉరుకుందమ్మ చేతులు చాచలేదు, అడగలేదు. నేనే తీసుకెళ్లి ఆమె చేతుల్లో పెట్టాను.

"గట్టిగా పట్టుకో. మెడ ఇంకా సరిగా నిలవదు," అన్నాను. నిలుస్తుంది. ఎనిమిది నెలల బిడ్డకు మెడ ఎందుకు నిలవదు. ఆమె బెదరాలనే అలా అన్నాను.

ఆమె రెండు చేతులా పాపను గుండెకు హత్తుకుంది. పడిపోతుందేమోనన్న భయంతో కాళ్లు ఎడంగా పెట్టి, రెండు పాదాలూ నేలకు నాటుకుంది. ఇప్పుడు ఆమె ధ్యాసంతా చేతుల్లో ఉంది. నేను కింద కూర్చుని కాగితం జరిపాను, పాదం ఎత్తి పెట్టింది. పెన్సిలు తగిలింది, కదలలేదు. టేపు వేశాను, కదలలేదు. వేళ్లు విప్పారి, బాల్ పూర్తిగా పరుచుకుని, నిజమైన పాదం కాగితం మీదికి దిగింది. వీపుమీద మూట మోసుకుని నడిచేటప్పుడు పాదం ఇలాగే ఉంటుంది. పాప బరువు ఆ మూట పని కూడా చేసింది.

పైనుంచి పాప ఏడుపు వినబడటం లేదని అప్పుడు గమనించాను. తల ఎత్తి చూస్తే ఉరుకుందమ్మ చెవి కమ్మ పట్టుకుని లాగుతూ నవ్వుతోంది. నా చేతుల్లో గంటసేపు ఊపితే గానీ ఊరుకోని పిల్ల. ఉరుకుందమ్మ మెడ వంచి ఇంకో చెవి కూడా చూపించింది. నేను వాళ్ల కాళ్ల దగ్గర నేలమీద, పెన్సిలు పట్టుకుని ఉన్నాను. మంచు కొండలు ఆమెవే, బూట్లు ఆమెవే, ఆ పూట నా పాప నవ్వు కూడా ఆమెదే. రెండో పాదం కొలవడం ఎంత త్వరగా ముగించానో చెప్పలేను. ముగించి లేచి పాపను తీసుకున్నాను. పాప మళ్లీ ఏడ్చింది.

"నాకు మా తమ్ముండ్లను ఎత్తుకోని అలవాటక్కా," అంది ఆమె, తప్పు చేసినదానిలా.

కొత్త కొలత పాతదానికన్నా అర అంగుళం ఎక్కువ వచ్చింది. చెప్పుల పనిలో అర అంగుళమంటే పెద్ద మాట. స్ట్రెచర్‌తో అంత రాదు. మా ఆయన తోలు కోయాలన్నాడు. స్టోరు బూట్లు కదా, కోయొచ్చా అని నేను అడిగితే, ఎలాగైనా చేయించుకో, ఈ పాత జత మళ్లీ స్టోరుకు అక్కర్లేదని ఆఫీసరే చెప్పాడని ఉరుకుందమ్మ అంది. వెల్ట్‌కు పైన చిటికెనవేలి పక్కన తోలు నిలువుగా చీల్చి, మధ్యలో మెత్తటి తోలుముక్క పెట్టి మైనపు దారంతో రెండు వరసలు కుట్టాలి. లోపల ఆ చోట ఫెల్ట్ పొర తీసేయాలి. అడుగున ఉన్న మందం ఇన్‌సోల్ తీసి పలచటిది వేస్తే పాదం కొంచెం కిందికి దిగి, ఇన్‌స్టెప్ దగ్గర కూడా చోటు వస్తుంది.

ఆయన కత్తి పెట్టినప్పుడు బూటు కదలకుండా పట్టుకున్నది నేనే. ఒకసారి కోశాక అది ఇక సన్న పాదానికి పనికిరాదు. నా కాలు ఆ బూటులో ఎంత చక్కగా కూర్చుందో నాకింకా తెలుస్తూనే ఉంది. కత్తి తోలులోకి దిగింది. నా పట్టు మాత్రం సడలలేదు. ఆ మాట నేను గట్టిగానే చెప్పగలను.

ఆదివారం ఆమె వచ్చి తొడుక్కుంది. ఈసారి బాగుండాయని చెప్పలేదు. నోరు తెరిచి కాళ్ల వంక చూసుకుంది. అంగట్లో మెట్లు లేవు కనుక స్టేషను ఓవర్‌బ్రిడ్జికి తీసుకుపోయాం. మా ఆయన ముందు, ఆమె మధ్యలో, పాపను ఎత్తుకుని నేను వెనక. లంగా ఓణీ మీద ఆ బూట్లు చూసి బేళ్లు మోసే హమాలీలు పని ఆపి నిలబడ్డారు.

"యాడికి పాపా, యుద్ధానికా?" అన్నాడొకాయన.

"మంచులోకి పోతాండాను మామా."

"అయితే ఒక బోరెం పత్తి గూడ మోసకపో. ఆడ చలికి కప్పుకుందువు."

ఆమె నవ్వుకుంటూ మెట్లెక్కింది. దిగింది. మళ్లీ ఎక్కింది. నేను ముఖం చూడలేదు, మడమల వంక చూశాను. మడమ లేవడం లేదు. అడుగు పూర్తిగా పడుతోంది. విప్పించి చూస్తే చర్మం ఎక్కడా కందలేదు.

సోమవారం కర్నూలులో ఆమె గెలిచింది. ఆ వారంలోనే రైలెక్కింది. వాళ్ల నాయన ఆమెను చదువుకు వదిలి, మిగతావాళ్లతో సుగ్గికి పోయాడని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం అంగడికి వచ్చింది. ముఖం ఎండకు నల్లబడి, ముక్కుమీద చర్మం ఊడుతోంది. చాలాసేపు కూర్చుని చెప్పింది. మొదట్లో నిలబడిన సేపు కన్నా పడిన సేపే ఎక్కువట. మిగతా ఆడపిల్లలకు బొబ్బలు లేచి పట్టీలు కట్టుకున్నారట, తనకు ఒక్కటీ లేవలేదట. చివరి రోజు వాలు మొత్తం పడకుండా దిగిందట. ఆఖరికి నేను అడగాలనుకున్నదే అడిగాను, మంచు ఎట్లుంటుందని.

"అందరూ పత్తి మాదిరి ఉంటుందన్నారు గదక్కా. ఏం గాదు. పత్తి మీద నడిస్తే సప్పుడే రాదు. మంచు మీద అడుగేస్తే కరకరమంటాది. పొద్దున పూట ఎవరూ లేనప్పుడు నడిస్తే ఆ సప్పుడు ఒకటే ఇనపడతాది."

ఆ మాట విన్నప్పుడు కలిగినంత అసూయ ఆమె మొదటిసారి అంగట్లోకి వచ్చినప్పుడు కూడా కలగలేదు. అప్పుడు ఆమె పోబోతున్న చోటు ఒక పేరు మాత్రమే. ఇప్పుడు ఆ చప్పుడు ఆమె చెవుల్లో ఉంది.

ఈ పని నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. గాలిలో ఉన్న పాదాన్ని కొలవకూడదు. ఇవాళ మా అంగడికి ఏ ఆడమనిషి వచ్చినా ముందు నిలబెడతాను. చేతుల్లో ఏదో ఒకటి పెడతాను. వాళ్ల బిడ్డో, సంచో, ఏదీ లేకపోతే బూట్ల పెట్టెలో. మనిషి చేతులు పనిలో ఉంటేనే పాదం తన పని తాను చేస్తుంది. అప్పుడు వంగి కొలుస్తాను. కరుస్తున్నాయని చెప్పులు తిరిగి తెచ్చేవాళ్లు బాగా తగ్గారు. పాదం సన్నగా ఉంటే అందమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎంత వెడల్పుకు అంత అందమని చెప్తాను.

అసూయ పోయిందా అంటే, లేదు. ఉరుకుందమ్మ ఇప్పుడు ఆటల పంతులమ్మ కావడానికి శిక్షణ తీసుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మంచు సంగతులు మళ్లీ చెప్తుంది, నేను మళ్లీ అడుగుతాను. ఆమె చెప్పే ఆ కొండలో, ఆ వాలులో, ఆ చప్పుడులో నేను పట్టుకోగలిగింది ఏదీ లేదు, ఒక్కటి తప్ప. ఆమె పాదానికీ ఆ మంచుకూ మధ్య అర అంగుళం చోటు ఉండింది. అది నేను కొలిచి ఇచ్చింది. ఆ అర అంగుళం మేర నేనూ పోయి వచ్చాను.